మనోళ్లు పిసినారులా? ఫారెక్స్ కౌంటర్ కాడ అడగండి

వరంగలోళ్లు పైసల కాడ గట్టి అని ఒక అపవాదు ఎప్పటి నుంచో నడుస్తున్నది. బీట్ బజార్‌ల కందిపప్పు కిలోకు రెండు రూపాయలు తగ్గియ్యమని అరగంట నిలబడతరని, హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేటకు ఆటో మాట్లాడాలంటే ముగ్గురిని అడిగి నాలుగో ఆటో ఎక్కుతరని. ఈ అపవాదును నేను తీవ్రంగా ఖండిస్తున్న. మనంత దానగుణం ఉన్నోళ్లు ఎక్కడా లేరు, కాకపోతే అది బయటపడాలంటే బ్యాంకాకో సింగపూరో టికెట్ బుక్ కావాలె.

గూగుల్‌ల డాలర్ 90 అని చూపిస్తున్నది అనుకోండి. విదేశీ పైసలు మార్చే ఫారెక్స్ షాపు అద్దాల కౌంటర్‌ల ఉన్నాయన 94 అంటడు. వెనక గోడకు "జీరో కమీషన్" అని పెద్ద బోర్డు. వెయ్యి డాలర్లకు నాలుగు వేలు ఎక్కువ పోతున్నయ్, అయినా మనోడు ఒక్క మాట అనడు, పైగా "థాంక్యూ సార్" అంటడు. అసలు కథ బిల్లు చేతికి వచ్చినంక మొదలైతది. జీఎస్టీ 169 రూపాయల 20 పైసలు! లక్ష లోపు మార్చుకుంటే మొత్తంల ఒక శాతానికే 18 శాతం లెక్కన వేస్తరు, అంతే, అది రూల్. కానీ మనోడు ఆడనే కూలబడి "గిదేం లెక్క సార్, గవర్నమెంట్ దోచుకుంటున్నది" అని ఇరవై నిమిషాల స్పీచ్ ఇస్తడు. కనపడ్డ 169కి ఉద్యమం, కనపడని నాలుగు వేలకు మౌనం. గుప్తదానం అంటే గిదే కదా, కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెల్వదు, ఇచ్చినోడికి అసలే తెల్వదు.

ఇది మనకు కొత్త విద్య కూడా కాదు. నిజాం జమానాల వరంగల్‌ల రైలెక్కి బెజవాడల దిగితే చాలు, అది ఫారిన్ ట్రిప్పే. మన జేబుల నిజాం రూపాయి హాలీ సిక్కా, ఆడ నడిచేది బ్రిటిషోళ్ల రూపాయి కల్దార్, దాదాపు ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. పాస్‌పోర్ట్ లేకుండానే మన తాతలు కరెన్సీ మార్చిన్రు. హాలీ సిక్కా 1959 దాకా చెలామణిల ఉండె అంటే చూడండి, ఈ విషయంల మన అనుభవం ఎంత పాతదో.

ఇంకా వెనక్కి పోతే మన కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవుల శాసనం వేయించిండు, 1244ల. సముద్రం మీద వచ్చే వ్యాపారులు భయపడొద్దు, ముప్పైల ఒక వంతు సుంకం తప్ప ఇంకేం తీసుకోం అని రాయి మీద చెక్కించిండు. ముప్పైల ఒకటి అంటే 3.33 శాతం. ఇయ్యాల చానా క్రెడిట్ కార్డులు ఫారిన్‌ల గీకితే 3.5 శాతం మార్కప్, అంటే రేటు మీద అదనపు వడ్డన, దాని మీద మళ్ల జీఎస్టీ. అంటే ఒక మహాసామ్రాజ్యం, రేవులు కాపాడి, తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకుకు కూడా హామీ ఇచ్చి తీసుకున్న దాని కన్నా, ఒక ప్లాస్టిక్ ముక్క టీంగ్ అని సౌండ్ చేసి ఎక్కువ తీసుకుంటున్నది. అయినా మనం రాజులనే తిడతం.

ఇగ సలహాలు. ప్రతి ఇంట్ల జగిత్యాల దిక్కు ఒక బావ ఉంటడు, దుబాయ్‌ల చేసి వచ్చినాయన. యూరప్ పోతున్నమన్నా ఆయన్నే అడగాలె, లేకుంటే అలుగుతడు. "డాలర్ రేటు రోజూ మారుడేంది రా, నేను అక్కడున్నన్ని రోజులు పైస మారలే" అంటడు. మారదు బావా, 1997 నుంచి డాలర్‌కు 3.6725 దిర్హాములని ఆ దేశపోళ్లు రేటును కట్టేసి పెట్టిన్రు. రూపాయిని ఎవరూ కట్టేయలే, అది దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతది. ఈ మాట బావకు చెప్పే ధైర్యం మా ఖాందాన్‌ల ఎవరికీ లేదు.

బ్యాంకాక్ పోయేటోళ్లది డబుల్ దానం. ఇక్కడ రూపాయలిచ్చి డాలర్లు, అక్కడ డాలర్లిచ్చి థాయ్‌లాండ్ పైసలు బాత్‌లు, రెండు కౌంటర్ల కాడ రెండు సార్లు సమర్పణ. (కొన్నిసార్లు ఇక్కడ నేరుగా బాత్‌లు కొనుడు కన్నా అదే చవక పడతది, కానీ ఆ లెక్క ఎవరు వేసిన్రని.) పాన్ కార్డ్, పాస్‌పోర్ట్, టికెట్ జిరాక్స్ అన్నీ పట్టుకొని పోవాలె, 50 వేలు దాటితే నగదు తీసుకోరు, బ్యాంకు నుంచే కట్టాలె. నోటుకు మడత ఉంటే అక్కడోడు వెనక్కిస్తడని భయం, అందుకే డాలర్లను పెళ్లి పట్టుచీరల మడతల మధ్య పెట్టి ఇస్త్రీ పోకుండ చూసుకుంటరు. ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చని ఆర్బీఐ పర్మిషన్ ఇచ్చింది, మనోడు 800 డాలర్లకు బనీన్‌కు లోపల జేబు కుట్టించుకుంటడు.

అయితే దేశభక్తి అనేది అక్కడ షాపుల కార్డు మిషన్ ముందట బయటపడతది. రూపాయల కట్టాలనా, లోకల్ కరెన్సీల కట్టాలనా అని అది అడుగుతది. పరాయి దేశంల రూపాయి గుర్తు కనపడంగనే కండ్లల్ల నీళ్లొస్తయ్, టక్కున రూపాయి నొక్కుతడు. ఇగ రేటు ఆ మిషనోడి ఇష్టం, మన గుర్తు చూపించినందుకు కొన్ని శాతాలు వాడే పట్టుకుంటడు. లోకల్ కరెన్సీ నొక్కితే ఆ పైసలు మిగులుతుండె. జెండా వందనానికి ఇంత ఖర్చు పంద్రాగస్టుకు కూడా పెట్టం.

వాపస్ వచ్చినంక 2,000 డాలర్లకు మించి మిగిలితే 180 రోజుల్ల తిరిగి అమ్మేయాలె. కొన్న రేటుకు కాదు, అమ్మేది ఇంకో రేటు, అదీ తక్కువ రేటు, అంటే వీడ్కోలు దానం. చిల్లర నాణేలు మాత్రం ఎన్నైనా ఇంట్ల పెట్టుకోవచ్చు, రూల్‌ల లిమిట్ లేదు, కానీ కౌంటర్ల వాటిని ఎవడూ ముట్టడు. వాటికున్న దారి ఒక్కటే, మేడారం. సమ్మక్క సారలమ్మ హుండీలు హన్మకొండ టీటీడీ కల్యాణ మండపంల లెక్క పెడుతుంటే ప్రతిసారి ఏవేవో దేశాల పైసలు బయటపడుతనే ఉంటయ్. ఆ హుండీ పాన్ కార్డ్ అడగదు, మడత నోటని వెనక్కియ్యదు, నాణేలు వద్దనదు. కాకపోతే రెండేండ్లకోసారి జాతర, అందాక ఆ బాత్ బిళ్లలు టీవీ పక్కన గిన్నెల ఉంటయ్, పక్కింటి పిల్లగాడు అప్పుడప్పుడు కిరాణం షాపుల ట్రై చేస్తుంటడు.