సప్లీ వచ్చాక కాదు, మూడో వారంలోనే సీనియర్ తోడు కావాలి

మొదటి సెమిస్టర్ ఫలితాలు రాగానే ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక జాబితా తయారవుతుంది. లెక్కల్లో పోయినవాళ్లు, సీ ప్రోగ్రామింగ్‌లో పోయినవాళ్లు, రెండింట్లోనూ పోయినవాళ్లు. వీళ్లంతా సప్లీ, అంటే పోయిన పేపర్ మళ్లీ రాయాల్సినవాళ్లు. వాళ్లకు సాయంత్రం నాలుగున్నర తర్వాత రెమిడియల్ క్లాసులు పెడతారు. చెప్పేది అదే సారు, తెరిచేది అవే నోట్సు, బోర్డు మీద పడేవి అవే లెక్కలు. సెమిస్టరంతా విన్నా బుర్రకెక్కనిది అదే పద్ధతిలో ఇంకోసారి చెబితే ఎలా ఎక్కుతుంది? పైగా అప్పటికి రెండో సెమిస్టర్ సిలబస్ నెత్తిమీదికి వచ్చి ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

రాయలసీమ కాలేజీల్లో ఇందుకు కావాల్సిన మందు దగ్గరే ఉంది, వాడుకోవడమే లేదు. నిరుడు అదే పేపర్ రాసి గట్టెక్కిన సీనియర్లే ఆ మందు. అనంతపురంలో 1946 నాటి పాత ఇంజనీరింగ్ కాలేజీ నుంచి కర్నూలులో 2015లో వచ్చిన ట్రిపుల్ ఐటీ దాకా, కడప, పులివెందుల, ప్రొద్దుటూరు, నంద్యాల కాలేజీలన్నిటా వీళ్లున్నారు. అయితే వాళ్ల సాయాన్ని ఎవరికి, ఎప్పుడు, ఏ రూపంలో అందిస్తామన్న దాని మీదే ఫలితం ఉంటుంది. అది వెనకబడిన పిల్లలకు ఇచ్చే సాయంగా కాకుండా, కష్టమైన సబ్జెక్టుకు అంటిపెట్టుకుని ఉండే ఏర్పాటుగా, మూడో వారంలోనే మొదలవ్వాలి.

మొదటి సెమిస్టరే ఎందుకు గండం అవుతుందో చూద్దాం. ఇంటర్ రెండేళ్లూ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కోసం నాలుగు ఆప్షన్లలో ఒకటి పట్టుకోవడం నేర్చుకున్న విద్యార్థి ఇక్కడ ఒక్క లెక్కను పేజీన్నర రాయాలి. అక్కడ షార్ట్‌కట్‌కు మార్కు పడేది, ఇక్కడ స్టెప్పుకు పడుతుంది. కౌన్సెలింగ్ చివరి విడతల్లో సీటు వచ్చినవాళ్లు తరగతులు మొదలైన కొన్ని వారాలకు గానీ చేరరు. వాళ్లు వచ్చేసరికి మాట్రిసెస్ యూనిట్ అయిపోతుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు లెక్క తెలిసినా ప్రశ్న అర్థం కాదు.

మార్కుల లెక్క కూడా చాలామంది ఫ్రెషర్లకు ఎవరూ విప్పి చెప్పరు. అనంతపురం జేఎన్‌టీయూ (జేఎన్‌టీయూఏ) ఆర్23 రెగ్యులేషన్‌లో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ 30, సెమిస్టర్ చివర రాసే ఎక్స్‌టర్నల్ 70. ఎక్స్‌టర్నల్‌లో కనీసం 35 శాతం, అంటే 25 మార్కుల దాకా రావాలి. మొత్తం మీద కనీసం 40 రావాలి. ఇంటర్నల్‌కు సెమిస్టర్ మధ్యలో పెట్టే రెండు పరీక్షల్లో, అంటే మిడ్స్‌లో, ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ. కాబట్టి మొదటి మిడ్‌లో 30కి 10 వచ్చినా రెండో మిడ్‌లో 20 తెచ్చుకుంటే ఇంటర్నల్ 18 అవుతుంది. ఆ విద్యార్థికి ఎక్స్‌టర్నల్‌లో 25 చాలు. రెండు మిడ్స్‌లోనూ పదే వస్తే మాత్రం ఎక్స్‌టర్నల్‌లో 30 తెచ్చుకోవాలి. మొదటి మిడ్ పోయిందని కుంగిపోయి పుస్తకం మూసేసే పిల్లవాడికి ఈ నాలుగు అంకెలు కాగితం మీద వేసి చూపిస్తే చాలు, మళ్లీ పుస్తకం తెరుస్తాడు. ఆ పని సీనియర్ ఐదు నిమిషాల్లో చేయగలడు.

కాలేజీల్లో ఇప్పటికే మెంటర్లు లేరా అంటే, ఉన్నారు. ఒక్కో అధ్యాపకుడికి ఇరవై మందిని అప్పగిస్తారు, రిజిస్టర్లో సంతకాలు పెట్టిస్తారు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు స్లో లెర్నర్లకు ఏం చేస్తున్నారని అడుగుతారు కనుక ఆ పేరుతో ఒక ఫైలు కూడా ఉంటుంది. చిక్కంతా ఆ పేరులోనే ఉంది. పేరు చదివి, లేపి, ఫలానా గదికి వెళ్లమంటే పద్దెనిమిదేళ్ల పిల్లలు వెళ్లరు. వెళ్లినా నోరు విప్పరు. తోటివాళ్ల ముందు మందబుద్ధి అనిపించుకోవడం కన్నా సప్లీ రాసుకోవడమే నయం అనుకుంటారు.

అమెరికాలోని మిసోరీ విశ్వవిద్యాలయం కాన్సస్ సిటీ క్యాంపస్‌లో 1973లో డియానా మార్టిన్ మొదలుపెట్టిన సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ పద్ధతి సరిగ్గా ఈ ముడినే విప్పింది. విద్యార్థుల్లో ఎవరు బలహీనులో వెతకడం మానేసి, ఏ కోర్సులో ఏటా 30 శాతానికి పైగా తప్పుతున్నారో, మధ్యలో వదిలేస్తున్నారో ఆ కోర్సును ఎంచుకున్నారు. దానికి వారంవారం సెషన్లు పెట్టి, తలుపు అందరికీ తెరిచారు. 90 మార్కుల వాళ్లూ వస్తారు, 30 వాళ్లూ వస్తారు. గదిలో కూర్చున్నంత మాత్రాన ఎవరి మీదా ముద్ర పడదు. దాదాపు అదే కాలంలో అమెరికాలోనే బర్కిలీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్‌మన్ కాలిక్యులస్ విద్యార్థులను దగ్గరగా గమనించారు. నల్లజాతి విద్యార్థులు కష్టపడి, కానీ ఒంటరిగా చదువుతున్నారు. చైనా సంతతి పిల్లలు కలిసి కూర్చుని ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన పెట్టిన వర్క్‌షాపుల్లో రెమిడియల్ అన్న మాటే లేదు. మామూలు కన్నా కష్టమైన లెక్కలిచ్చి గుంపుగా చేయించారు. మన హాస్టళ్లలోనూ ఈ కలిసి చదవడం ఉంది, కాకపోతే పరీక్ష ముందు రాత్రి మాత్రమే. రోజూ బస్సులో వచ్చిపోయే డేస్కాలర్‌కు అదీ దొరకదు.

సెషన్ లోపల ఏం జరగాలో ఒక లెక్కతో చూద్దాం. లీనియర్ ఆల్జీబ్రాలో ఐగెన్ విలువలకు అందరూ చేసే మాట్రిక్స్ ఒకటుంది: మొదటి వరుస 8, −6, 2, రెండోది −6, 7, −4, మూడోది 2, −4, 3. డయాగనల్ మొత్తం 18, డయాగనల్ మైనర్ల మొత్తం 45, డిటర్మినెంట్ సున్నా. కనుక ఐగెన్ విలువలు, అంటే లామ్డాలు, 0, 3, 15. ఇంతవరకు చాలామంది వస్తారు. లామ్డా 3కి ఐగెన్ వెక్టర్ దగ్గర గల్లంతవుతారు. డయాగనల్ అంకెల్లోంచి 3 తీసేశాక మొదటి రెండు వరుసలు 5, −6, 2. −6, 4, −4. క్రాస్ మల్టిప్లికేషన్‌లో మొదటి పదం 16, మధ్యది 8, చివరిది −16. 8తో భాగిస్తే 2, 1, −2. మధ్య పదానికి గుర్తు తిరగేసి 2, −1, −2 రాసేవాళ్లు ప్రతి సెక్షన్‌లో ఉంటారు. సార్ అయితే ‘మైనస్ తప్పు’ అని దిద్ది ముందుకు వెళ్తారు. లీడర్‌గా కూర్చున్న సీనియర్ అలా దిద్దకూడదు. ‘నీ జవాబును మొదటి వరుసలో పెట్టి చూడు’ అనాలి. 10కి 6 కలిపి 4 తీస్తే 12 వస్తుంది, సున్నా రాదు. తప్పు తనంతట తనే పట్టుకున్న విద్యార్థి పరీక్ష హాల్లో కూడా ఆ సరిచూపు చేసుకుంటాడు. అర నిమిషం పని, పది మార్కుల లెక్కను నిలబెడుతుంది.

ఒక సెషన్‌కు నాలుగు లెక్కలు మించకూడదు. వాటిని సబ్జెక్టు సార్ ఇవ్వాలి, లీడర్ ముందు రోజే చేసి చూసుకోవాలి. గంటన్నరలో మొదటి పది నిమిషాలు ఆ వారం క్లాసులో ఎక్కడ ఆగిపోయారో చెప్పించడం, తర్వాత గంట సేపు ముగ్గురు నలుగురు కలిసి లెక్కలు చేయడం. మాటలన్నీ తెలుగులోనే సాగనివ్వాలి. ఆదోని, గుంతకల్లు వైపు పిల్లలు కన్నడమో ఉర్దూనో కలిపినా అడ్డు చెప్పక్కర్లేదు. చివరి ఇరవై నిమిషాలు మాత్రం అదే లెక్కను పరీక్షలో రాసినట్టు ఇంగ్లిష్‌లో, స్టెప్పు వదలకుండా, ఎవరికి వారు రాయాలి. ఈ చివరి భాగాన్ని ఎగ్గొట్టే సెషన్లే ఎక్కువగా దెబ్బతింటాయి. అర్థమైందన్న సంతోషంతో లేచిపోతారు, మిడ్‌లో మార్కులు రావు.

లీడర్లుగా ఎవరిని తీసుకోవాలన్న చోట కాలేజీలు దాదాపు ఎప్పుడూ టాపర్ల వైపే చూస్తాయి. టాపర్‌కు మూడు స్టెప్పులు మనసులోనే అయిపోతాయి, ఎదుటివాడు ఎక్కడ ఆగాడో కనిపించదు. మంచి గ్రేడుతో పాసైనవాళ్లతో పాటు, ఒకసారి తప్పి తర్వాత బాగా రాసినవాళ్లను కూడా తీసుకోవాలి. ఇద్దరిని జతగా పెడితే ఇంకా మంచిది. ఇక డిప్లొమా చేసి ఈసెట్ ప్రవేశ పరీక్షతో నేరుగా రెండో ఏడాదిలో చేరే పిల్లల సంగతి. కాలిక్యులస్‌లో వెనకబడతారని వీళ్లను ఎప్పుడూ సాయం తీసుకునే వరుసలోనే నిలబెడతారు. పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ బోర్డు మీద, వర్క్‌షాపులో, మెషీన్స్ ల్యాబ్‌లో వాళ్ల చేయి తిరిగి ఉంటుంది. ఫస్టియర్ విద్యార్థి టాప్ వ్యూను ఎక్స్‌వై గీతకు పైన వేసి ఫస్ట్ యాంగిల్, థర్డ్ యాంగిల్ అనే రెండు డ్రాయింగ్ పద్ధతులను కలిపేసినప్పుడు, చాక్‌పీస్ డబ్బాను గోడ మూలలో పట్టుకుని చూపించి సరిచేయగలిగేది వీళ్లే. ఇంజనీరింగ్ గ్రాఫిక్స్‌కు లీడర్లుగా వీళ్లను పెట్టి, వాళ్లకు లెక్కల సెషన్ వేరేగా ఏర్పాటు చేస్తే రెండు వైపులా ఇచ్చిపుచ్చుకోవడం అవుతుంది. ఈ అవకాశం ఇంతకాలంగా వృథా పోతుండడం నిజంగా బాధాకరం.

టైంటేబుల్ సంగతి తేలకపోతే ఇవన్నీ కాగితం మీదే ఉంటాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలాంటి పూర్తి రెసిడెన్షియల్ క్యాంపస్‌లో రాత్రి ఎనిమిదింటికి సెషన్ పెట్టుకోవచ్చు. ఊరి బయట ఉన్న ప్రైవేటు కాలేజీలో అది కుదరదు. సాయంత్రం బస్సు కదిలిందంటే ధర్మవరం, తాడిపత్రి, డోన్, ఎమ్మిగనూరు పిల్లలకు వేరే దారి లేదు. అమ్మాయిల హాస్టల్‌కు గేటు వేళలున్నాయి. అందుకని లైబ్రరీ, స్పోర్ట్స్ అని టైంటేబుల్‌లో రాసి ఉండే గంటల్లో రెండింటిని వరసగా కలిపి ఇందుకు కేటాయించాలి. ఆ వేళకే సీనియర్ సెక్షన్‌కూ ఖాళీ ఉండేలా చూడాలి. ఇది ప్రిన్సిపల్ స్థాయిలో సెమిస్టర్ మొదలుకాక ముందే జరగాల్సిన పని, మధ్యలో సాధ్యం కాదు.

ర్యాగింగ్ భయం ఇంకో అడ్డంకి. 1997 నాటి రాష్ట్ర చట్టం, 2009 నాటి యూజీసీ నిబంధనలు గట్టిగా ఉండడం అవసరమే. ఆ భయంతో కొన్ని కాలేజీలు ఫస్టియర్ వాళ్లను సీనియర్లకు పూర్తిగా దూరంగా ఉంచుతాయి. అప్పుడు సీనియర్ సాయం దొంగచాటు వ్యవహారం అవుతుంది, అది మరింత ప్రమాదం. తరగతి గదిలో, తలుపు తెరిచి, కారిడార్‌లో ఒక అధ్యాపకుడు అందుబాటులో ఉండగా సెషన్ జరగాలి. లీడర్ వ్యక్తిగత నంబర్లు అడగకూడదు. హాస్టల్ గదికి పిలవకూడదు. మార్కులు వేయడం, హాజరు పైవాళ్లకు చేరవేయడం అతని పని కాకూడదు.

సీనియర్ల శ్రమకు ప్రతిఫలం ఉండాలి. సేవ అని సర్టిఫికెట్ చేతిలో పెడితే మిడ్స్ దగ్గరపడగానే మానేస్తారు, వాళ్లకూ పరీక్షలున్నాయి కదా. గంటకు 150 రూపాయలు, వారానికి తయారీతో కలిపి మూడు గంటలు, పది వారాలు అనుకుంటే ఒక్కో లీడర్‌కు 4,500. అరవై మంది సెక్షన్‌కు ఆరుగురు లీడర్లంటే 27,000. ఏ కాలేజీకైనా ఇది మోయలేని ఖర్చు కాదు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు క్రెడిట్లు ఇస్తున్నప్పుడు దీనికీ ఇవ్వడానికి విశ్వవిద్యాలయం ఆలోచించాలి.

ఈ ఏర్పాటు చెడిపోయే దారులు కూడా తెలిసినవే. లీడర్ చాక్‌పీస్ పట్టుకుని గంటన్నర లెక్చర్ ఇస్తాడు, ఎందుకంటే అతను చూసిన బోధన అదొక్కటే. మొదలుపెట్టే ముందు రెండు రోజుల శిక్షణలో ప్రశ్నకు ప్రశ్న వేయడం, పది సెకన్లు మౌనంగా ఆగడం అభ్యాసం చేయించాలి. వాట్సాప్ గ్రూపు పెడితే వారంలో అది అసైన్‌మెంట్ జవాబుల గ్రూపు అవుతుంది. గ్రూపులో వేళలు, గది నంబరు తప్ప మరేదీ వద్దు. వారానికి ఇరవై నిమిషాలు సబ్జెక్టు సార్ లీడర్లతో కూర్చోకపోతే సెషన్ ఒక దారిలో, క్లాసు మరో దారిలో పోతాయి.

ఫలితం కొలవడంలోనూ జాగ్రత్త ఉండాలి. సెషన్లకు వచ్చినవాళ్ల పాస్ శాతం ఎక్కువ కనిపించడం సహజం, శ్రద్ధ ఉన్నవాళ్లే వస్తారు కనుక. మొదటి మిడ్‌లో ఒకే స్థాయి మార్కులున్నవాళ్లను తీసుకుని, ఆ తర్వాత కనీసం ఐదు సెషన్లకు వచ్చినవాళ్లను, రానివాళ్లను ఎక్స్‌టర్నల్‌లో పోల్చాలి. తేడా లేకపోతే సెషన్ తీరు మార్చాలి. ఇక లీడర్ల జతలో ఒకరు సెకండియర్, ఒకరు థర్డియర్ ఉండాలి. ఫైనలియర్ వాళ్లు ఇంటర్న్‌షిప్‌లకు బెంగళూరు, హైదరాబాద్ వెళ్లిపోతారు కాబట్టి వాళ్ల మీద ఆధారపడితే నడిమధ్యలో గది ఖాళీ అవుతుంది. థర్డియర్ లీడర్ వెళ్లే ముందే, ఆ ఏడాది సెషన్లకు వచ్చిన ఫస్టియర్ విద్యార్థుల్లో ఎవరు పక్కవాడికి ఓపిగ్గా చెబుతున్నారో చూసి పేర్లు ఇవ్వాలి.