వంతెన కట్టే కాలంలోనే మొక్క పెరగాలి

పశ్చిమ బెంగాల్‌లో బారాసాత్ నుంచి బంగ్లాదేశ్ సరిహద్దులోని పెట్రాపోల్ దాకా సాగే జెస్సోర్ రోడ్డుపై, రైలు పట్టాలను దాటే ఐదు వంతెనల కోసం 356 చెట్లు కొట్టాలన్న ప్రతిపాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2020లో కోర్టు నియమించిన నిపుణుల కమిటీ ఒక్కో చెట్టు విలువను ఏడాదికి రూ.74,500గా లెక్కగట్టింది. అయినా 2023లో నరికివేతకు అనుమతి లభించింది. ఒక చెట్టుకు ఐదు మొక్కలు నాటాలన్నది 2018లోనే కలకత్తా హైకోర్టు పెట్టిన షరతు. అక్కడి మహావృక్షాల్లో చాలా భాగం అమెరికా ఖండం నుంచి వచ్చిన నిద్రగన్నేరు చెట్లే కావడం వేరే విచిత్రం. నూరేళ్లు నీడనిచ్చిన చెట్టును పరాయిదని తీసిపారేయమని ఎవరూ అనరు, కానీ కొత్తగా నాటేటప్పుడు ఆ నేల ఏది అడుగుతుందో చూడాలి.

ఒకటికి ఐదు అన్న లెక్కలో మట్టి ఊసే ఉండదు. ఏటి వంతెనలనే చూడండి: వంతెన కట్టేటప్పుడు టిప్పర్లు, క్రేన్లు, కాంక్రీటు మిక్సర్లు నీటి అంచు దాకా దిగడానికి గట్టు మీద మొరం పోసి తాత్కాలిక దారి వేస్తారు. రెండు మూడేళ్లు ఆ బరువు కింద నలిగిన నేలలో గడ్డపార వేస్తే ఖంగుమని వెనక్కి వస్తుంది. వాన నీరు లోపలికి ఇంకక పైనే మడుగు కడుతుంది. అలాంటి చోట అడుగు లోతు గొయ్యి తీసి మొక్క పెడితే వేరు కుండీలో ఉన్నట్టు చుట్టుకుంటుంది తప్ప దిగదు. దారి వేసే ముందే పైమట్టిని తీసి పక్కన కుప్ప పోయాలి; పని ముగిశాక మొరం ఎత్తివేసి, నేలను లోతుగా దున్ని, ఆ మట్టినే తిరిగి పరచాలి. ఇందులో ఇంజినీర్లకు తెలియని విద్య ఏదీ లేదు.

మొక్కల ఎంపికకూ దూరం వెళ్లక్కర్లేదు. తెల్లమద్దిని కొన్నిచోట్ల ఏరుమద్ది అంటారు. ఏటి ఒడ్డున వరదకు తట్టుకుని, వేళ్లతో గట్టును పట్టి ఉంచే చెట్టుకు ఆ పేరు ఊరికే రాలేదు. కానుగ, నేరేడు, మేడి కూడా ఏటిగట్లకు అలవాటైనవే. త్వరగా పచ్చగా కనిపిస్తుందని తెలంగాణలో హరితహారం కింద పరాయి నేల మొక్క కోనోకార్పస్‌ను విరివిగా నాటి, తర్వాత నాటవద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.

కొట్టబోయే చెట్ల గింజలను గొడ్డలి పడకముందే సేకరించి, పని స్థలం పక్కనే నర్సరీ పెడితే, వంతెన పూర్తయ్యేసరికి అదే గట్టు సంతతి నడుమెత్తు మొక్కలుగా సిద్ధంగా ఉంటుంది. డబ్బు లేదన్న మాట చెల్లదు: 2015 నాటి హరిత రహదారుల విధానం జాతీయ రహదారి ప్రాజెక్టుల వ్యయంలో ఒక శాతాన్ని మొక్కల పెంపకానికే కేటాయించమంది. చిక్కల్లా బిల్లు ఎప్పుడు చెల్లిస్తారన్న దగ్గరే. నాటిన రోజు ఫొటోకు కాకుండా, మూడో వేసవి దాటి బతికిన మొక్కల లెక్కకే చివరి బిల్లు ఇస్తామని టెండరులో రాస్తే, పాలిథిన్ సంచి విప్పకుండానే మొక్కను గోతిలో పాతిపెట్టి పోయే మేస్త్రీని కాంట్రాక్టరే వెనక్కి పిలుస్తాడు.