బెల్లం గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ బెల్లం గారికి,

చిక్కడపల్లి నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మా బాబాయి రిపోర్టు ఒక్కటే క్షేమంగా లేదు.

ఈమధ్య మీరు డాక్టరయ్యారట. ఇందిరా పార్కులో నడక ముగించి బయటికొస్తే చాలు, "బెల్లం చాయ్, ఆరోగ్యానికి మేలు" అని బోర్డు. మామూలు చాయ్ కంటే రేటూ ఎక్కువే. మేడారం జాతరలో మిమ్మల్ని బంగారమంటే భక్తి అనుకున్నాం. పట్నంలో అది రేటని అర్థమైంది.

బాబాయికి షుగర్ వచ్చింది. అందుకని చక్కెర మానేశాడు. ఇదివరకు రోజుకు రెండు చాయ్‌లు, కప్పుకో చెంచా చక్కెర, వెరసి 10 గ్రాములు. ఇప్పుడు మీరు మంచివారు కదా, మూడు చాయ్‌లు. తీపి కాస్త తక్కువ కదా, కప్పుకు మూడు చెంచాల బెల్లం పొడి. మొత్తం 45 గ్రాములు! కలుపుకునే తీపి రోజుకు 25 గ్రాముల లోపుంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్కలో మీరూ, తేనే, చక్కెరా ఒకే పంక్తిలో కూర్చున్నారు. "చక్కెర బంద్ చేసినా గీ రిపోర్టుల షుగర్ ఎందుకు పెరిగిందిరా?" అని బాబాయి అడిగితే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. మీ సమక్షంలో ఇంకెలా నిలబడను?

మీలో ఐరన్ ఉందంటారు. ఉంది. 10 గ్రాముల ముక్కలో మహా అయితే ఒక మిల్లీగ్రాము. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కన ఆడవాళ్లకు రోజుకు కావలసింది 29. ఆ ఒక్కటీ ఒంటికి సరిగా పట్టకుండా చాయ్‌లోని టానిన్లనే వగరు పదార్థాలు అడ్డం పడతాయి. ఇచ్చే చెయ్యి మీది, గుంజుకునే చెయ్యి చాయ్‌ది. పైగా కప్పు ఒకటే. మీలో మిక్కిలి భాగం సుక్రోజే, అంటే అసలు చక్కెరే. ముదురు రంగు చొక్కా వేసుకుంటే లోపలి మనిషి మారతాడా?

తేనె గారిది ఇంకో వేషం. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లలో పిన్ని కలుపుకునే పెద్ద చెంచాడు తేనెలో 60 కేలరీలు దాటతాయి. అదే చెంచాడు చక్కెరలో 50 లోపే. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం!

ఇక మీ ప్రత్యర్థి, చక్కెరకు బదులు వేసుకునే తీపి మాత్రను టిక్కుమని ఒక్కోటి రాల్చే ఆ బుల్లి డబ్బా. అది రక్తంలో గ్లూకోజును పెంచదు. మీరు నొచ్చుకున్నా సరే, బాబాయికి మీకంటే అదే నయం. బరువు తగ్గడానికి మాత్రం ఇలాంటివాటిని నమ్ముకోవద్దని 2023 మేలో ఆరోగ్య సంస్థ చెప్పింది (ఆ సలహా ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు కాదు). జూలైలో ఆ సంస్థ క్యాన్సర్ విభాగం వాళ్లు, ఇలాంటి మాత్రల్లో వాడే ఆస్పర్టేమ్‌ను క్యాన్సర్ "కలిగించే అవకాశం ఉండొచ్చు" అనే జాబితాలో వేశారు. పిన్ని డబ్బా తీసి బయట పారేసింది. కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితి మార్చనక్కర్లేదని, అంటే 60 కిలోల మనిషికి 2,400 దాకా ఫరవాలేదని అదే రోజు ఇంకో నిపుణుల కమిటీ చెప్పింది. ఆ వార్త పిన్ని దాకా రాలేదు. మంచి వార్త ఎప్పుడూ ఆర్టీసీ బస్సులోనే బయల్దేరుతుంది.

ఆ డబ్బాతో అసలు చిక్కు వేరే. చాయ్‌లో రెండు మాత్రలు వేసుకున్న ధైర్యంతో మొన్న పెళ్లిలో బాబాయి ఖుబానీ కా మీఠా రెండు గిన్నెలు లాగించాడు. మాత్ర లెక్కలో ఆ గిన్నెలు లేవట.

అయ్యా, దసరాకు బచ్చాలు (బొబ్బట్లు) చేస్తున్నాం. తప్పక దయచేయండి. స్టెతస్కోపు మాత్రం ఇంట్లో పెట్టి రండి.

ఇట్లు,
మీ పాత చుట్టం

తా.క.: కవరు అంటిస్తుండగా బాబాయి ఫోన్ చేశాడు. "అరేయ్, మూలమీద తాటిబెల్లం చాయ్ పెట్టిండ్రు. దాంట్ల షుగర్ ఉండదంట. జల్ది రా!"