రెండు శాతమేనట!

మా నెల్లూరు బడి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఒకే సందేశం ఈ నెలలో నాకు ఆరుసార్లు వచ్చింది. ఆరోసారి పంపిన మిత్రుడు దానికి “తప్పక చదవండి” అని కూడా తగిలించాడు కాబట్టి ఈసారి తప్పక చదివాను. భారతదేశం గోడ మీద పిల్లిలా ఉన్నందువల్లే 2025లో అమెరికా మన సరుకుపై 50 శాతం సుంకం వేసిందనీ, బుద్ధిగా దాని పక్షాన చేరి ఉంటే ఈ బాధ తప్పేదనీ, అయినా ఆ దెబ్బ మన జీడీపీలో రెండు శాతానికే తగులుతుంది కనుక లెక్కచేయనక్కరలేదనీ, ఒక్క నెల చైనా సరుకు మానేస్తే ఆ దేశం కాళ్లబేరానికి వస్తుందనీ, డాలరు పని ఎలాగూ అయిపోయిందనీ, ‘వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి’ (ఏ పక్షానా చేరకుండా మన నిర్ణయాలు మనమే తీసుకోవడం) అన్నది మన ముందుచూపు లేనితనానికి పెట్టుకున్న ముద్దుపేరనీ దాని సారాంశం.

డాలరు సంగతి ముందు తేల్చేద్దాం. చెన్నైలోని అంబత్తూరు ఎస్టేట్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల మోటార్లు చేసే ఒక చిన్న కంపెనీలో నేను కొనుగోళ్లు చూస్తాను. చైనాలోని సరఫరాదారుకు కూడా మేము కట్టేది డాలర్లే. తర్వాతి అంశం.

పక్షం చేరితే సుంకం తప్పుతుందన్న మాట రాసినవారు 2025 వార్తాపత్రికలు తెరిచినట్టు లేదు. అమెరికా సైన్యాన్ని దశాబ్దాలుగా తమ గడ్డ మీద ఉంచుకున్న జపాన్, దక్షిణ కొరియాలకు 15 శాతం పడింది. నాటోలో ఉండి, సరిహద్దు పంచుకునే కెనడాకు 35 శాతం పడింది. కొరియా అయితే 35,000 కోట్ల డాలర్ల పెట్టుబడికి మాట ఇచ్చిన కొద్ది వారాలకే, సెప్టెంబరు 4న, జార్జియా రాష్ట్రంలో హ్యుందాయ్, ఎల్‌జీ కడుతున్న బ్యాటరీ కర్మాగారంలో 300 మందికి పైగా కొరియన్లను అమెరికా అధికారులు సంకెళ్లు వేసి తీసుకుపోయారు. గోడ మీదే కూర్చుంటే క్షేమమని కూడా నేను అనను. మూడు నెలల వ్యవధిలో బైడెన్‌కూ, షీ జిన్‌పింగ్‌కూ హనోయ్‌లో స్వాగతం పలికిన వియత్నాం మీద మొదట 46 శాతం ప్రకటించారు, బేరాలయ్యాక 20కి దించారు.

ఇక బహిష్కరణ. 2024-25లో మనం చైనా నుంచి తెచ్చుకున్న సరుకు విలువ సుమారు 11,350 కోట్ల డాలర్లు. మనకు అది కొండంత, కానీ చైనా మొత్తం ఎగుమతుల్లో మూడు శాతం పైచిలుకు. అంటే ఈ సందేశం ప్రకారం రెండు శాతం పోతే మనకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు, మూడు శాతం పోతే చైనా మాత్రం కుప్పకూలుతుంది. ఈ రెండు వాక్యాల నడుమ దూరం మూడంటే మూడు వరుసలు. ఆరుగురు చదివి ముందుకు పంపారు!

ఆ రెండు శాతం దగ్గరే నా ఓపిక నశించింది. అంకె తప్పని నేను అనడం లేదు. 2024-25లో అమెరికాకు మన సరుకుల ఎగుమతి సుమారు 8,650 కోట్ల డాలర్లు. జీడీపీతో భాగిస్తే రమారమి రెండు శాతమే వస్తుంది. అయితే దెబ్బ జీడీపీ మీద పడదు, చెరువు మీద పడుతుంది. మా బావమరిది ఇందుకూరుపేట దగ్గర ఆరెకరాలు కౌలుకు తీసుకుని వనామీ రొయ్య వేస్తాడు. మే నెలలో వదిలిన సీడ్ ఆగస్టుకు పట్టుబడికి వచ్చింది. సుంకం 27వ తేదీ నుంచి పూర్తిగా అమలవుతుందని తెలిసిన వ్యాపారి ఆ వారంలో ఫోను ఎత్తితే ఒకటే మాట: “ఇవాళ రేటు లేదు, రేపు చూద్దాం.” రొయ్య గోదాములో ఆగే సరుకు కాదు. ఆగిన ప్రతి రోజూ మేత వేయాలి, ఏరేటర్లు తిరగాలి, వైట్ స్పాట్ తెగులు సోకుతుందేమోనని రాత్రంతా గట్టు మీద టార్చిలైటు పట్టుకుని తిరగాలి. నాలుగు రోజులు చూసి, ఐదో రోజు చెప్పిన ధరకే పట్టేశాడు. అందులో ఎంత పోయిందో వాళ్ల అక్కకు, అంటే మా ఆవిడకు, ఇంతవరకూ చెప్పలేదు. సందేశంలోని లెక్క ప్రకారం ఇందుకూరుపేట మండలం దేశపటంలోనే ఉండదు.

పైగా ఆ సగటు ఇంకో విషయాన్ని కప్పేస్తుంది. శ్రీపెరంబుదూరులో కూర్చే ఐఫోన్లకూ, మన జెనరిక్ మందులకూ అమెరికా ఆ సుంకం నుంచి మినహాయింపు ఇచ్చింది, ఎందుకంటే వాటి ధర పెరిగితే ముందు మండేది అక్కడి వినియోగదారుడికే. రొయ్యకు అంత మర్యాద దక్కలేదు. 2024-25లో మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సుమారు 745 కోట్ల డాలర్లయితే, అందులో మూడో వంతుకు పైగా వెళ్లింది అమెరికాకే. వాళ్లకు మాత్రం అప్పటికి 15 శాతం సుంకంతో, మనకంటే దగ్గరలో, ఈక్వడార్ ఉండింది. మనలాంటి మధ్యస్థాయి దేశాల బేరం నడిచేది అక్కడ: నా సరుకు ఇంకెవరి దగ్గర దొరుకుతుంది? కోవిడ్ పుట్టుకపై విచారణ జరపాలన్నందుకు 2020లో ఆస్ట్రేలియా బార్లీ, వైన్, బొగ్గు మీద విరుచుకుపడ్డ చైనా, ఇనుప ఖనిజాన్ని మాత్రం ముట్టుకోలేదు. దాని ఉక్కు కొలుములకు ఆ ఖనిజం కావాలి. బార్లీ సుంకం 2023లో, వైన్ సుంకం 2024లో ఎత్తేశారు. ఈలోగా ఆస్ట్రేలియా అమెరికాతో పొత్తు వదులుకున్నదీ లేదు, చైనాకు ఖనిజం అమ్మడం ఆపిందీ లేదు.

చివరి అంశం, ముందుచూపు లేకపోవడం. దీన్ని ఖండించాలనే కూర్చున్నాను, కానీ నా బల్ల మీదే సాక్ష్యం ఉంది. 2025 ఏప్రిల్ 4న చైనా ఏడు అరుదైన ఖనిజ మూలకాల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. మా మోటారులో తిరిగే భాగమైన రోటరు చుట్టూ అతికించే, చిన్న బిస్కెట్టంత అయస్కాంతం ముక్కలో ఆ ఏడింటిలో ఒకటైన డిస్‌ప్రోసియం ఉంటుంది. అది సైనిక అవసరాలకు వాడబోమని ధ్రువపత్రం ఇచ్చి, వారాల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. 2010లో ఇదే దెబ్బ తిన్న జపాన్ ఆస్ట్రేలియాలోని లైనాస్ కంపెనీ గనులకు డబ్బు పెట్టి, చైనా మీద ఆధారపడటాన్ని క్రమంగా తగ్గించుకుంది. మనమో, తూర్పు తీరపు ఇసుకలోంచి తీసిన అరుదైన ఖనిజాలను 2012 నాటి ఒప్పందం ప్రకారం విశాఖపట్నంలోని జపాన్ కంపెనీ కర్మాగారంలో శుద్ధి చేయించి ఆ దేశానికే పంపుతూ వచ్చాము, ఎందుకంటే ఇక్కడ ఆ మోతాదులో అయస్కాంతాలు చేసేవారు లేరు. వాటి తయారీకి 7,280 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది 2025 నవంబరులో, అంటే జపాన్‌కు బుద్ధి వచ్చిన పదిహేనేళ్లకు. ఆ ఒక్క వాక్యం వరకు, పంపిన ఆరుగురూ చెప్పింది నిజమే.