సీ గ్రేడ్ ఫ్లయింగ్ స్కూల్లో పిల్లల్ని విమానం ఎక్కించాలా?

మహారాష్ట్రలోని గోందియా బిర్సీ ఎయిర్‌పోర్టు నుంచి లేచిన శిక్షణ విమానం 2023 మార్చి 18న మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ కొండల్లో కూలి ఇన్‌స్ట్రక్టర్, ట్రైనీ ఇద్దరూ చనిపోయారు. అదే బిర్సీ నుంచి 2017 ఏప్రిల్‌లో వెళ్లిన విమానం వైన్‌గంగ మీద మరీ కిందుగా ఎగురుతూ, నీటి ప్రవాహం కొలవడానికి ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన తీగకు తగిలి నదిలో పడింది. అప్పుడూ రెండు ప్రాణాలు పోయాయి. 2020 జూన్‌లో ఒడిశాలోని బిరసాల్‌లోనూ ఇద్దరు, 2022 ఫిబ్రవరిలో నాగార్జునసాగర్ నుంచి ఒంటరిగా సెస్నా 152 శిక్షణ విమానం తీసుకుని బయల్దేరిన అమ్మాయి ఇలాగే కూలి చనిపోయారు. ఇవేవీ పాఠకులకు కొత్త కాదు.

మాకు కోపం తెప్పిస్తున్నది వీటి తర్వాత జరిగిన పని. 2025 అక్టోబర్‌లో దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ మొదటిసారి పైలట్ శిక్షణ ఇచ్చే ఫ్లయింగ్ స్కూళ్లకు గ్రేడ్లు ఇచ్చింది. 35 స్కూళ్లలో ఏ ప్లస్ ఒక్కదానికీ రాలేదు, ఏ కూడా రాలేదు. 13 స్కూళ్లు బీ, 22 స్కూళ్లు సీ. సీ అంటే నూటికి 50 కూడా రాలేదని అర్థం. మరి ఆ 22 స్కూళ్లను ఏం చేశారు? ఆత్మపరిశీలన చేసుకోండి, మెరుగుపడండి అని నోటీసులు! టెన్త్ తప్పినవాడి చేతికే ఆన్సర్ పేపర్ ఇచ్చి నువ్వే దిద్దుకో అన్నట్టుంది.

పైలట్ల కొరత ఉంది, స్కూళ్లు మూస్తే పిల్లలు ఇంకా ఎక్కువ ఖర్చు పెట్టుకుని విదేశాలకు పోతారు అంటారు. నిజమే. కానీ కొరత ఉందని సగం మార్కులు రాని చోట గాల్లోకి పంపుతారా? ఈ రోజు సీ గ్రేడ్‌కు నోటీసుతో సరిపెడితే, రేపు ప్రతి స్కూలూ సీ దగ్గరే హాయిగా కూర్చుంటుంది. పైకి రావాల్సిన అవసరమే ఉండదు. ఇది పాడు ఆనవాయితీ, మొదటి జాబితాతోనే మొదలైంది.

చంద్రపూర్ జిల్లాలో బల్లార్షా, ఘుగ్గుస్, రాజురా వైపు మన తెలుగు ఇళ్లలో ఈ చదువంటే ఏమిటో డీజీసీఏకి తెలియదు. గనిలో రిటైరైన తండ్రి పీఎఫ్ డబ్బు, ఊళ్లో పొలం మీద లోను, పైన తెలిసినవాళ్ల దగ్గర అప్పు. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, ఫీజు 40 లక్షలకు పైమాటే. ఇన్ని లక్షలు కట్టేవాడికి సీ గ్రేడ్ సంగతి అడ్మిషన్ ఫారం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో కనపడాలి. వరుసగా రెండుసార్లు సీ వస్తే కొత్త అడ్మిషన్లు ఆపాలి. ఆపగలరని తెలుసు. 2023 అక్టోబర్‌లో బారామతిలో నాలుగు రోజుల్లో రెండు విమానాలు కూలితే, అక్కడి స్కూల్లో శిక్షణను డీజీసీఏనే ఆపింది. అంటే విమానాలు పడ్డాక వాడే అధికారం, పడకముందు వాడటం లేదు.

మన జిల్లాల్లో ఎయిర్‌స్ట్రిప్‌లకు రిబ్బన్ కోసే నాయకులు ఈ మాట ఢిల్లీలో గట్టిగా అడగాలి. అది చేతకాకపోతే, విమానం తెచ్చామని చంద్రపూర్ చౌరస్తాల్లో ఫ్లెక్సీలు కట్టించుకోవడం మానుకోండి.