గంటస్తంభానికి మబ్బు కావలెను

విజయనగరంలో ఆకాశం కాస్త నల్లబడితే ఆరేసిన బట్టలు తీయడానికి పరిగెత్తేవాళ్లు తగ్గిపోయారు. ఫోన్ పట్టుకుని గంటస్తంభం దగ్గరికి పరిగెత్తేవాళ్లు పెరిగారు. అందులో నేనొకణ్ణి. మబ్బు లేకుండా గంటస్తంభాన్ని ఫోటో తీయడం దాన్ని అవమానించడమేనని మా అందరి నిశ్చితాభిప్రాయం.

1885లో కట్టిన ఎనిమిది పలకల స్తంభం, ఎత్తు 68 అడుగులు. లండన్ బిగ్‌బెన్‌ను చూసి కట్టారంటారు. (నిజానికి బిగ్‌బెన్ లోపలి గంట పేరు. ఇలాంటివి చెప్పేవాణ్ణి మా బ్యాచ్‌లో ఎవరూ టీకి పిలవరు.) లండన్ గోపురం 316 అడుగులు. తక్కువైన 248 అడుగులూ మబ్బులతో భర్తీ చేసే బాధ్యత మా నెత్తిన పడింది.

అదేమంత తేలిక కాదు. కింద నుంచి ఫోన్ పైకెత్తితే స్తంభం కునుకు తీస్తున్నట్టు వెనక్కి వాలిపోతుంది. నిటారుగా రావాలంటే దాని సగం ఎత్తుకైనా ఎక్కాలి, అంటే ఎదురుగా ఉన్న ఏదో ఒక బట్టల షాపు మేడ. ఊరికే ఎక్కనిస్తారా? ఈ వానాకాలంలో మా ఇంట్లో కొత్త తువ్వాళ్లు నాలుగు చేరాయి. తీరా ఎక్కాక స్క్రీన్‌లో ఆకాశం మీద వేలు పెడితే స్తంభం బొగ్గవుతుంది, స్తంభం మీద పెడితే మబ్బు సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది.

అసలు సిసలు మబ్బు 2014 అక్టోబరు 12న వచ్చింది, హుద్‌హుద్ తుపాను రోజున. ఆ రోజుది నా దగ్గర ఒక్క ఫోటో లేదు. తలుపు ఊడిపోకుండా రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను.

అందుకే ఇప్పుడు యాప్‌లోంచి మబ్బు తెచ్చుకుంటున్నాం. అందులో కరెంటు తీగలు చెరపొచ్చు, ఆటోలు చెరపొచ్చు. మొన్న పుట్టినరోజు ఫ్లెక్సీలోని నాయకుణ్ణి చెరిపితే ఆయన జోడించిన చేతులు మాత్రం మిగిలిపోయి స్తంభానికి దండం పెడుతున్నాయి. భక్తి కదా అని వదిలేశాను. గ్రూపులో పెట్టగానే హైదరాబాద్‌లో ఉన్న మా బావ తన చార్మినార్ ఫోటో పంపాడు. అదే మబ్బు. ఎడమ మూల అదే మెరుపు. ఆ రోజు రెండూళ్లలోనూ ఎండ మాడ్చేసింది.

స్తంభం పక్కన అరటిపళ్లమ్మే మామ్మకు కూడా గర్వంగా చూపించాను. ఆమె ఫోన్ దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. కొంగుతో స్క్రీన్ తుడిచి మళ్లీ చూసింది.

"బాగుంది బాబూ. మరి నా బండేదీ?"