తొలి కొనుగోలుదారు ప్రభుత్వమే కావాలి

1986లో కర్ణాటకలోని కిత్తూరులో 128 లైన్ల చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఒకటి పని మొదలుపెట్టింది. ఎండనూ దుమ్మునూ తట్టుకుని, ఏసీ గది అవసరం లేకుండా నడిచేలా దాన్ని తయారుచేసిన కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్‌కు అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. టెలికాం ఇంజినీరు శామ్ పిట్రోడా చొరవ, 36 కోట్ల రూపాయలు, 36 నెలల గడువు అన్న ఆ కథ చాలామందికి తెలిసిందే. అదే ఏడాది దక్షిణ కొరియా కూడా తన ప్రభుత్వ పరిశోధన సంస్థ రూపొందించిన టీడీఎక్స్ డిజిటల్ ఎక్స్ఛేంజీని వాడుకలోకి తెచ్చింది. ఆ తరువాతే రెండు దేశాల దారులు వేరుపడ్డాయి. కొరియా అదే సంస్థకు మొబైల్ సాంకేతికత బాధ్యత అప్పగించి, 1993లో సీడీఎంఏ అనే మొబైల్ పద్ధతిని జాతీయ ప్రమాణంగా నిర్ణయించి, 1996లో సేవలు ప్రారంభించింది. తమ ఇంజినీర్లు చేసిన వస్తువును తామే ముందుగా కొని వాడారు కాబట్టే శామ్‌సంగ్, ఎల్‌జీ ఆ అనుభవంతో ప్రపంచ మార్కెట్‌కు వెళ్లగలిగాయి. మన దగ్గర సీ-డాట్ పల్లెపల్లెకూ ఫోను చేర్చింది గానీ, మొబైల్ యుగం వచ్చేసరికి ఆర్డర్లన్నీ ఐరోపాకూ ఆపై చైనాకూ వెళ్లిపోయాయి.

ఆవిష్కరణలకు అడ్డంకి ఏమిటన్న చర్చ వచ్చినప్పుడల్లా మనం నిధుల దగ్గరే ఆగిపోతాం. పరిశోధనపై దేశం పెడుతున్న ఖర్చు జీడీపీలో 0.64 శాతమే అన్న మాట నిజమే, అది పెరగాల్సిందే. 2025లో కేంద్రం లక్ష కోట్ల రూపాయల పరిశోధన నిధిని ఆమోదించడం కూడా మంచిదే. అయితే ప్రయోగశాలలో తయారైన వస్తువును మొదటిసారి ఎవరు కొంటారన్న ప్రశ్నకు ఆ నిధి ఒక్కటే జవాబు చెప్పలేదు. 1960ల తొలినాళ్లలో అమెరికాలో చిప్‌లు సామాన్యులు కొనలేని ధరలో ఉన్నప్పుడు వాటిని కొన్నది అక్కడి క్షిపణి కార్యక్రమమూ, చంద్రుడిపైకి మనిషిని పంపిన అపోలో కార్యక్రమమూ. ఆ కొనుగోళ్లే ధరను దించి, ఒక పరిశ్రమను నిలబెట్టాయి.

మన టెండరు పత్రం తెరిస్తే మొదటి పేజీల్లోనే మూడేళ్ల పూర్వానుభవం, ఇన్ని కోట్ల టర్నోవరు అన్న షరతులు కనిపిస్తాయి. ఎవరూ చేయని పనిని చేసినవారిని, ఇంతకుముందు ఎక్కడ చేశారని అడుగుతున్నాం. ఆ గడప దాటినా, అందరికంటే తక్కువ ధర కోట్ చేసినవారికే పని దక్కే ఎల్1 పద్ధతి ఎదురవుతుంది. స్టార్టప్‌లకు అనుభవం, టర్నోవరు షరతులను సడలించవచ్చని ప్రభుత్వ కొనుగోళ్లకు వర్తించే కేంద్రం 2017 ఆర్థిక నియమావళి చెబుతోంది. ధరతో పాటు నాణ్యతకూ మార్కులు వేసే వెసులుబాటును 2021లో ఆర్థిక శాఖ విస్తరించింది. అయినా ‘సడలించవచ్చు’ అన్న మాటను నమ్ముకుని సంతకం పెట్టే అధికారులు అరుదు. దానికి నేను వారిని నిందించను. కొత్త సంస్థ నుంచి కొన్న పరికరం విఫలమైతే ఆడిట్ అభ్యంతరం వస్తుంది, విజిలెన్స్ విచారణ వస్తుంది, పదవీ విరమణ తరువాత కూడా ఆ ఫైలు వెంటాడుతుంది. కొనకుండా వదిలేసిన మంచి పరికరం గురించి మాత్రం ఏ ఆడిటరూ ప్రశ్నించడు. భయపడినవాడు క్షేమంగా ఉండి, ధైర్యం చేసినవాడు సంజాయిషీ చెప్పుకోవాల్సిన ఈ ఏర్పాటే మన ఆవిష్కరణలకు అసలైన అడ్డంకి. సద్బుద్ధితో చేసిన ప్రయోగాత్మక కొనుగోలుకు చట్టరక్షణ కల్పించి, ప్రతి శాఖా తన కొనుగోళ్లలో కొంత వాటాను తొలిసారి అమ్మేవారికి తప్పనిసరిగా కేటాయించాలి.

ప్రజాధనంతో ప్రయోగాలేమిటని, స్వదేశీ ముద్ర ఉంటే నాసిరకమైనా కొనాల్సిన పాత రోజులు తిరిగొస్తాయని కొందరు ఆక్షేపిస్తారు. చవకైన విదేశీ పరికరాలు మన మొబైల్ ఛార్జీలు తగ్గడానికి తోడ్పడ్డాయన్న మాట కూడా కాదనలేనిది. నేను అడుగుతున్నది శాశ్వత రక్షణ కాదు, మొదటి ఆర్డరు మాత్రమే. రెండో ఆర్డరును ఆ సంస్థ పోటీలో గెలుచుకోవాలి.

బీఎస్ఎన్ఎల్ 4జీనే చూడండి. 2020లో చైనాతో గల్వాన్ సరిహద్దు ఘర్షణ తరువాత పాత టెండరు రద్దయి, స్వదేశీ పరికరాలే కొనాలన్న నిర్ణయం జరిగింది. నెట్‌వర్క్‌కు మెదడులాంటి సీ-డాట్ కోర్, దేశీయ సంస్థ తేజస్ రేడియో పరికరాలు, వాటిని కలిపి నడిపే టీసీఎస్‌తో ఆ నెట్‌వర్క్ 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభమైంది. ప్రైవేటు సంస్థల కంటే ఎన్నో ఏళ్లు వెనుకబడిన మాట నిజమే. అయితే ఆ ఆలస్యానికి కారణం మన ఇంజినీర్లకు చేతకాకపోవడం కాదు. సరిహద్దులో నెత్తురు చిందేదాకా వారి చేతిపనిని ఆ స్థాయిలో కొందామని ఎవరూ అనుకోకపోవడమే.

తెలుగు విషయానికి వస్తే నాకు ఇంకా బాధ కలుగుతుంది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో అందుబాటులోకి తెచ్చింది. కార్యాలయాల చుట్టూ తిరిగే శ్రమ తగ్గించే ఆ ప్రయత్నాన్ని మనసారా మెచ్చుకుంటాను. కానీ చదవడం రాని అవ్వ తన పింఛను సంగతి నోటితో అడిగితే, అది శ్రీకాకుళం యాసైనా, పాలమూరు యాసైనా అర్థం చేసుకుని బదులు చెప్పే యంత్రం మనకు కావాలి. దానికి పునాది వేయగల పరిశోధకులు ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో రెండు దశాబ్దాలకు పైగా భాషా సాంకేతికతపై పనిచేస్తున్నారు. 2015లో తెలంగాణ ప్రభుత్వ స్టార్టప్ కేంద్రం టీ-హబ్ మొదలైంది కూడా ఆ ప్రాంగణంలోనే. మాట్లాడే తెలుగును అర్థం చేసుకునే సేవను కొంటామని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కలిసి ఒక్క ఉమ్మడి టెండరు ప్రకటించాలి. అందులో మూడేళ్ల పూర్వానుభవం అన్న షరతు ఉండకూడదు.